ఉప్పు తక్కువైందన్నారా, బాగాలేదన్నారా?

తెల్లవారుజామున అయిదింటికి మా వీధిలో మొదట వెలిగేది మా వంటింటి లైటే. డికాషన్ దిగేలోగా భోజనాల బల్ల మీద ఓ మూల జరుపుకుని, ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంటాను. ఆరున్నరకి పాలు, ఏడింటికి టిఫిను, ఆ తర్వాత పిల్లల జడలు, బూట్లు, డబ్బాలు, మావారి కళ్ళజోడు వెతుకులాట. కాబట్టి ఆ గంటన్నరే నాది. మీ ఇళ్ళల్లోనూ ఇంచుమించు ఇంతే కదండీ?

"ఎవరికమ్మా ఈ చాకిరీ? జీతం ఇస్తారా?" అని మా అత్తయ్యగారు మొదట్లో రోజూ అడిగేవారు.

"ఇవ్వరండీ."

"మరి ఎవరు చేయమన్నారు?"

"ఎవరూ చేయమనలేదండీ."

ఆవిడ నా వంక చూసిన చూపు మీరు చూసుండాల్సింది! కొబ్బరికాయ కొట్టి పీచు నైవేద్యం పెడుతున్నదాన్ని చూసినట్టు చూశారు.

అసలు సంగతేమిటో మీకైనా సరిగ్గా చెబుతాను. రైలు టిక్కెట్టు తీసుకున్నా, కరెంటు బిల్లు కట్టినా, గ్యాసు బండకి ఫోను చేసినా మన పేరూ నెంబరూ ఎక్కడో ఓ చోట పద్దు పడతాయి. ఆ పద్దు పుస్తకాన్నే డేటాబేస్ అంటారు. అలాంటి పుస్తకాలు నడిపించే సాఫ్ట్‌వేర్లలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని ఒకటుంది. పేరు నోరు తిరగదు, అందుకని అందరూ పోస్ట్‌గ్రెస్ అనేస్తారు. దాని గుర్తు ఏనుగు. 1986లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ అనే ప్రొఫెసరు మొదలుపెట్టారు. 1994లో ఆండ్రూ యు, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ భాష నేర్పారు. 1996లో ఇప్పుడున్న పేరు వచ్చింది. అప్పట్నుంచీ అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు, బాగుచేసి పంపొచ్చు. ఆ "బాగుచేసి పంపడం" దగ్గరే నేను చిక్కుకున్నాను.

నా కథ పెద్దదేం కాదు. హైదరాబాదులో ఒక కంపెనీలో ఏడేళ్ళు పనిచేసి, కవలపిల్లలు పుట్టాక 2014లో మానేశాను. ఏడాదిలో మళ్ళీ చేరదామనుకున్నాను. తర్వాత విజయవాడ వచ్చేశాం. మామగారి జబ్బు, పిల్లల బడి, అదీ ఇదీ అయ్యేసరికి తొమ్మిదేళ్ళు. మళ్ళీ ఉద్యోగం కోసం ఒకచోటికి వెళితే, ఎదురుగా కూర్చున్న కుర్రాడు నా కాగితం చూసి, "ఈ తొమ్మిదేళ్ళూ ఏం చేశారు మేడమ్?" అన్నాడు. ఏం చేశానని చెప్పను? ఒకేసారి ఇద్దరికి అమ్మవారు పోస్తే ఎన్ని రాత్రులు కూర్చున్నానో చెప్పనా? ఏమీ చెప్పకుండా నవ్వి వచ్చేశాను. ఆటోలో ఏడ్చాననుకోండి.

అప్పుడు పాత స్నేహితురాలొకామె ఫోనులో, "నువ్వు పోస్ట్‌గ్రెస్ వాడేదానివి కదా, ఓ ప్యాచ్ పంపించు. అక్కడ నీ వయసూ అడగరు, గ్యాపూ అడగరు. పంపింది పనిచేస్తుందా లేదా అనే చూస్తారు" అంది. ఆ మాట పట్టుకున్నాను.

ప్యాచ్ అంటే అతుకు. ఫలానా ఫైల్లో ఫలానా వరుస తీసేసి, దాని బదులు ఇది పెట్టండి అని చెప్పే చిన్న కాగితం. తీసేసే వరుసకి ముందు మైనస్ గుర్తు, చేర్చే వరుసకి ప్లస్ గుర్తు ఉంటాయి. అంతే. దాన్ని ఈమెయిల్లో, అందరూ చూసేలా, పంపాలి. ఎవరంటే వాళ్ళు అసలు కోడులో చెయ్యి పెట్టడానికి వీల్లేదు. ఆ తాళం ఓ ముప్ఫై మంది దగ్గరే ఉంటుంది. వాళ్ళని కమిటర్లంటారు. మిగతా ప్రపంచమంతా అతుకులు పంపేవాళ్ళూ, వాటిని పరీక్షించేవాళ్ళూనే.

నేను ఎంచుకున్నది చాలా చిన్న పని. ఒక ఆదేశం తప్పుగా ఇస్తే వచ్చే సందేశం అయోమయంగా ఉండేది. "తప్పు" అంటుంది గానీ, ఏం చేస్తే ఒప్పవుతుందో చెప్పదు. దాని కింద ఒక సలహా వాక్యం చేర్చాను. మొత్తం ఆరు వరుసల మార్పు. 2023 ఆగస్టులో ఒక శుక్రవారం పూట, వరలక్ష్మీ వ్రతం పిండివంటలు దించుకుని, చేతులు తుడుచుకుని మరీ పంపాను.

ఆదివారానికి జవాబొచ్చింది. ఆరు వరుసలకి పదకొండు వ్యాఖ్యలు!

సందేశం మొదటి అక్షరం పెద్దక్షరం చేశారు, చేయకూడదు. చివర చుక్క పెట్టారు, పెట్టకూడదు. సలహా వాక్యానికి మాత్రం పెద్దక్షరమూ చుక్కా రెండూ ఉండాలి, మీరు పెట్టలేదు. వ్యాఖ్యకి రెండు గీతలు వాడారు, ఇక్కడ అది వాడం. సందు నాలుగు ఖాళీలు కొట్టారు, అక్కడ ట్యాబ్ ఉండాలి. "అశక్తం" అన్నట్టుండే మాట వాడారు, అది వద్దు. ఒక ఫైలు తెరవబోతే తెరుచుకోలేదంటే "తెరవలేకపోయాను" అని చెప్పి కారణం చెప్పాలి. అసలు ఆ పనే ఎప్పటికీ జరగనిదైతే "తెరవడం కుదరదు" అనాలి. ఈ రెండిట్లో మీది ఏది? ఆ పైన వాక్యాన్ని రెండు ముక్కలుగా రాసి అతికించారు. ఈ సందేశాలు వేరే భాషల్లోకి తర్జుమా అవుతాయి, ముక్కలు అతికిస్తే అనువాదకులు ఏం చేస్తారు?

ఈ చివరిది చదివి నాకే సిగ్గేసింది. మన తెలుగులో క్రియ చివర్న కదా వచ్చేది! ఇంగ్లీషు వరసలో కోసిన ముక్కల్ని మన వరసలో ఎలా పేరుస్తారు? తెలుగుదాన్నయ్యుండి నాకే తట్టలేదు.

అన్నిటికన్నా పెద్దది పదకొండోది. "పరీక్షలు నడిపినట్టు లేదు" అని. పోస్ట్‌గ్రెస్‌తో పాటే రెండొందలకు పైగా పరీక్షలొస్తాయి. ఒక్కో పరీక్షా కొన్ని ఆదేశాలిచ్చి, వచ్చిన జవాబుని ముందే రాసిపెట్టుకున్న జవాబుతో అక్షరం అక్షరం పోల్చుకుంటుంది. నేను సలహా వాక్యం చేర్చానా, ఆ తప్పు వచ్చే ప్రతి పరీక్షలోనూ ఒక వరుస ఎక్కువైపోయింది. అవన్నీ ఫెయిలే. వండి, రుచి చూడకుండా వడ్డించానన్నమాట.

మూత దించేశాను. రెండు వారాలు మళ్ళీ తెరవలేదు. పొద్దున్నే లేచేదాన్ని, అలవాటు కదా, ఊరికే వంటింటి గట్టు తోముతూ ఉండేదాన్ని. మావారు, "పోనిద్దూ, వాళ్ళెవరో మనకెందుకు" అన్నారు. ఓదార్పుకే అన్నారు గానీ అది ఇంకా మండింది.

ఓ రోజు కందులు బాగుచేస్తూ అత్తయ్యగారు అడిగారు. "ఏమ్మాయ్, నీ చాకిరీ మానేశావేం?"

చెప్పాను. పదకొండు తప్పులు పట్టారండీ అని.

ఆవిడ చేట ఆపారు. "ఉప్పు తక్కువైందన్నారా, బాగాలేదన్నారా?"

"అంటే?"

"బాగాలేదన్నవాడు ఆకు మడిచి లేచిపోతాడు. ఉప్పు తక్కువైందన్నవాడు ఇంకా తినేవాడే. ఇదీ తెలీదూ?"

మా అత్తయ్యగారు యాభై ఏళ్ళుగా ఆవకాయ పెడుతున్న మనిషి. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ అత్తగారు జాడీ తెరిచి, ఆవపిండి ఎక్కువైందని అందరి ముందూ అంటే, ఆ ఏడు ఆవిడ ఆ ఊరగాయ ముట్టలేదట. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

లేచి వెళ్ళి ఆ జవాబు మళ్ళీ చదివాను. చదివితే, మొదట్లోనే ఒక వాక్యం ఉంది, నేను గమనించనే లేదు. "ఇది అవసరమైన మార్పే" అని. అవతలివాళ్ళెవరో ఆదివారం పూట కూర్చుని, నా ఆరు వరుసల్ని తమ కంప్యూటర్లో అతికించుకుని, కట్టి, పరీక్షించి, పదకొండు విషయాలు ఓపిగ్గా రాశారు. వాళ్ళకి నేనెవరో తెలియదు.

రెండో రూపం పంపాను. తర్వాత మూడోది. ప్రతిసారీ పేరు ముందు వి2, వి3 అని అంకె వేయాలి, ఎవరూ తికమకపడకుండా. ఏడాదికి అయిదు నెలలు, అంటే జూలై, సెప్టెంబరు, నవంబరు, జనవరి, మార్చి, ఈ అతుకులన్నీ వరసపెట్టి చూసే నెలలు. వాటిని కమిట్‌ఫెస్ట్‌లంటారు. జనవరిది సంక్రాంతికీ, మార్చిది పిల్లల పరీక్షలకీ సరిగ్గా తగులుతుంది, నా ఖర్మ. ఒక్కో అతుకు పక్కనా దాని స్థితి రాసుంటుంది: చూడాల్సి ఉంది, రాసినవాళ్ళ జవాబు కోసం ఆగింది, కమిటర్‌కి సిద్ధం. మనం ఆలస్యం చేశామా, ఈలోపు అసలు కోడు పెరిగిపోతుంది. పిల్లవాడి పోయినేటి కొలతలతో నిక్కరు కుట్టించినట్టు, అతుకు అతకదు. మళ్ళీ కొత్త కొలతలకి సర్దాలి. సంక్రాంతి నాడు అరిసెల పాకం ఒక కంటా, ఈ సర్దుబాటు ఒక కంటా చూసుకున్నాను. పాకం ముదిరింది. నవ్వకండి.

2024 మార్చిలో, ఏడో రూపానికి, అది లోపలికెళ్ళింది. కమిటర్ ఇంకో రెండు మాటలు సవరించి పెట్టారు. ఆ మార్పు కింద రాసినవాళ్ళ పేరుగా నా పేరుంది, పరీక్షించినవాళ్ళ పేర్లూ ఉన్నాయి. ఏప్రిల్ మొదట్లో ఆ ఏటికి తలుపులు వేసేస్తారు, అంచేత తృటిలో అందుకున్నానన్నమాట. సెప్టెంబరులో 17వ వెర్షన్ విడుదలైంది. ఆ కాగితాల చివర సాయం చేసినవాళ్ళందరి పేర్లూ అక్షరక్రమంలో ఉంటాయి. అత్తయ్యగారికి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని, "ఇంటిపేరు మనదే వేశావా?" అన్నారు. అదీ ఆవిడ సందేహం!

ఇంతవరకూ బాగానే ఉంది. నేను మీకు చెబుదామనుకున్నది దీని తర్వాత జరిగింది.

అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. మనం ఒక అతుకు పంపితే, ఇంచుమించు అంతే బరువున్న ఇంకొకరి అతుకు మనం చూసిపెట్టాలి. వాయనం ఇచ్చి పుచ్చుకున్నట్టే. రాసేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువ, చూసేవాళ్ళు తక్కువ. అందుకే ఈ పద్ధతి. 2024 నవంబరులో ఒక కుర్రాడిది నా వాటాకి తీసుకున్నాను. ఏ దేశమో నాకు తెలియదు, మర్యాదగా రాసేవాడు. ఒక మాటనిస్తే దాన్ని ఒక రకంగా మార్చి తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ అది.

ముచ్చటగా రాశాడు. చిన్నక్షరాలూ చుక్కలూ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ తప్పులు పట్టడంలో నేను ఆరితేరి ఉన్నానాయె, ముందు అవే వెతికాను. ఒక్కటీ దొరకలేదు. మూడు మాటలిచ్చి చూశాను, మూడూ సరిగ్గా వచ్చాయి. పరీక్షలన్నీ నడిపాను, గట్టెక్కాయి. ఆ రోజు పిల్లలకి స్కూల్లో ఏదో ఫంక్షను, గులాబీరంగు రిబ్బన్లు ఎక్కడున్నాయో వెతకాలి. ఆరు ఇరవైకి "చూశాను, బాగుంది" అని రాసి, "కమిటర్‌కి సిద్ధం" అని మార్చేశాను.

మర్నాడు పొద్దున ఒక కమిటర్ నుంచి రెండే వరుసలు. "దీనికి నల్ ఇస్తే సర్వర్ కూలిపోతోంది. పరీక్షించారా?"

నల్ అంటే చెప్పాలి మీకు. సున్నా కాదు, ఖాళీ కాదు. "తెలియదు" అని. పద్దులో ఒకామె ఫోను నెంబరు గడి ఉందనుకోండి. ఆమెకి ఫోను లేదు అనడం ఒకటి, ఉందో లేదో మనకి తెలియదు అనడం ఇంకొకటి. ఆ రెండోది నల్. ఎవరి పద్దులో చూసినా అవి బోలెడుంటాయి. ఒక ఫంక్షన్ని "నల్ వస్తే నన్ను పిలవకండి" అని ముందే ప్రకటించుకోవచ్చు. అలా ప్రకటించకపోతే లోపల తనే చూసుకోవాలి. ఆ కుర్రాడు రెండూ చేయలేదు. నేను అడగలేదు.

కూలిపోతే ఏమవుతుందంటారా? డేటాబేస్‌కి తగులుకున్న ఒక్కొక్కరికీ ఒక్కో ప్రాసెస్ నడుస్తుంటుంది. అందులో ఒకటి ఇలా కుప్పకూలితే, అందరూ ఉమ్మడిగా వాడుకునే మెమరీ పాడైందేమోనని, జాగ్రత్త కోసం అది మిగతా అందరినీ కూడా ఆపేసి, తన చిట్టా చూసి సర్దుకుని మళ్ళీ మొదలవుతుంది. అంటే ఎవరో ఒకరు అడిగిన ఒక్క పిచ్చి ప్రశ్నకి, అదే సమయంలో డబ్బు కడుతున్నవాళ్ళూ, జీతాల లెక్క వేస్తున్నవాళ్ళూ, అందరూ సగంలో తెగిపోతారు. నేను ఉద్యోగం చేసేటప్పుడు నెలాఖరు రాత్రి జీతాల లెక్క మధ్యలో తెగితే ఎలా ఉంటుందో చూసినదాన్నే. తెలిసీ ఆ మాట రాశాను, "చూశాను, బాగుంది" అని.

ఆ రెండు వరుసలూ చూసి అరగంట కదల్లేదు నేను. మొదట వచ్చిన ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను: "పరీక్షించాను, నా దగ్గర కూలలేదు" అని రాసెయ్యొచ్చు కదా అని. ఎవరు పట్టుకుంటారు? కంప్యూటరుకీ కంప్యూటరుకీ తేడా ఉంటుంది అంటే సరిపోతుంది. రెండో ఆలోచన, ఏమీ రాయకుండా ఊరుకుంటే ఆ కుర్రాడే మాట పడతాడు, తప్పు వాడిదేగా అని. ఆ తొమ్మిదేళ్ళ ఖాళీలో నేను సంపాదించుకున్నదల్లా ఆ జాబితాలో ఒక పేరు. అది పోతే? మళ్ళీ ఎవరో ఒక కుర్రాడి ముందు కూర్చుని నవ్వుకుని రావాలి.

చివరికి, "నల్ ఇచ్చి చూడలేదు. మూడు మాటలే పరీక్షించాను, ఆ మాట నా జవాబులో రాసుండాల్సింది. తప్పు నాది. ఇవాళ సాయంత్రం పూర్తిగా చూసి రాస్తాను" అని పంపాను. పంపే మీట నొక్కేటప్పుడు చెయ్యి వణికింది.

ఎవరూ ఏమీ అనలేదు. నిజం! స్థితిని మళ్ళీ "రాసినవాళ్ళ జవాబు కోసం" అని మార్చారు, అంతే. ఆ కుర్రాడు రెండు రోజుల్లో సరిచేసి పంపాడు. సాయంత్రం నేను వెతికితే ఇంకో తప్పు కూడా దొరికింది. అది మన తెలుగు పుణ్యమే, వినండి.

కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన తెలుగు అక్షరాలకి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడేసి బైట్లు. "అమ్మ" అని రాయండి. మన కంటికి రెండక్షరాలు. పోస్ట్‌గ్రెస్‌ని పొడుగెంత అని అడిగితే నాలుగంటుంది. అ ఒకటి, మ ఒకటి, ఒత్తుకి కింద పెట్టే హలంతు గుర్తు ఒకటి, మళ్ళీ మ ఒకటి. బైట్లెన్ని అంటే పన్నెండు అంటుంది. ఇక్కడ టేబులుకి పెట్టే పేరు 63 బైట్లు దాటకూడదు, అంటే ఇంగ్లీషు వాళ్ళకి 63 అక్షరాలు, మనకి 21 గుర్తులు! ఈ తేడా తెలియకుండా బైట్లు లెక్కపెట్టి కోసే కోడు రాస్తే, కత్తి సరిగ్గా అక్షరం నడుమ దిగుతుంది. ఆ కుర్రాడి ఫంక్షన్‌కి "అమ్మ" అని ఇస్తే చెత్త వచ్చింది. ఇంగ్లీషు మాటలతో ఎన్నిసార్లు చూసినా అది బయటపడేది కాదు.

అది రాసి పంపితే అతను కృతజ్ఞతలు చెప్పి, ఆ మాటనే పరీక్షల్లో చేరుస్తానన్నాడు. ఆ పాఠం పలకడం రాదుట, అర్థం ఏమిటని అడిగాడు. చెప్పాను.

అప్పట్నుంచీ నా పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు చుక్కలూ కామాలూ చివరికి చూస్తాను. ముందు అతుకు అతుకుతోందా, చెప్పిన పని చేస్తోందా, అసలు ఆ పని ఎవరికైనా కావాలా అని చూసి, ఆ తర్వాత మొండికేస్తాను. నల్ ఇస్తాను, ఖాళీ ఇస్తాను, సున్నా, మైనస్ అంకె, గజం పొడుగు మాట, "అమ్మ". ఏం చూశానో రాస్తాను, ఏం చూడలేదో కూడా రాస్తాను. "సమయం లేక వేగం సంగతి చూడలేదు" అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు, ఇంకొకరు ఆ మిగిలింది అందుకుంటారు.

మీలో ఎవరైనా ఇదివరకు కంప్యూటరు ఉద్యోగం చేసి మానేసినవాళ్ళుంటే, సి భాష మర్చిపోయామని వెనకాడకండి. వివరణ పత్రాల్లో అర్థంకాని వాక్యం సరిచేసినా అది అతుకే. కోడు రాయకుండా ఇతరులవి కట్టి పరీక్షించి చెప్పినా పేరు వేస్తారు. డబ్బొస్తుందా అంటే, కొందరికి వాళ్ళ కంపెనీలు ఇందుకే జీతమిస్తాయి. నాకు రాదు. ఉద్యోగం కూడా ఇంకా రాలేదు. రెండుచోట్ల అడిగి ఉన్నాను. ఈసారి ఆ తొమ్మిదేళ్ళ ప్రశ్నకి కాగితం మీద ఒక వరుస అయితే ఉంది.

ఇవాళ పొద్దున ఎవరిదో మొట్టమొదటి అతుకు నా ముందుంది. తొమ్మిది తప్పులు దొరికాయి. తొమ్మిదీ రాశాను, మళ్ళీ చెరిపాను. "ఇది అవసరమైన మార్పే" అన్నది మొదటి వరుసకి తెచ్చి, దాని కింద ముఖ్యమైన రెండూ పెట్టి, మిగతా ఏడూ కిందకి దించాను. అత్తయ్యగారు కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఇవాళ ఎవరిదమ్మా?"

"ఎవరో కొత్తవాళ్ళదండీ. మొదటిసారి."

"ఉప్పు సరిపోయిందా?"

"నల్ ఇచ్చాను, పడిపోలేదండీ. ఇంకో రెండు చూడాలి."

కుక్కరు మూడో కూత వేసింది. వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చి, "అమ్మ" అని కొట్టాను.